గడ్డం పట్టుకుని చెప్పే మాట

జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ద్రోహివి. ఇంతకంటే మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు. ఎలా ఉన్నావు, ఒంట్లో బాగుందా అని మొదలుపెట్టే ఓపిక కూడా నాకివాళ లేదు.

ఫోన్ చేస్తే రెండో మాటకే పెట్టేస్తావు, మూడో మాట నేను గాలికి చెప్పుకోవాలి. అమ్మ పోయాక ఇక కాయితం మీదే కొట్లాడుకుందామని ఒప్పందం చేసుకున్నాం కనక రాస్తున్నాను. పిచ్చుక టీసీ కోసం నువ్వు బడి మెట్లెక్కావని క్లాసు టీచరమ్మ రాసింది. నీ కూతుర్ని మన భాష బడిలోంచి పీకేసి ఊరి భాష బడిలో పడేస్తావా? ఎవరి మనవరాలురా అది?

ఆ బడి ఎలా పుట్టిందో నీకు గుర్తు చేయాలా? రంగు డబ్బాల గోడౌను అద్దెకు తీసుకుని, కడిగి, సున్నం కొట్టి, పన్నెండు మంది పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాం. ఫ్యాను బిగించింది నువ్వే. లిఫ్టులు ఎక్కించి దించేవాడివి, ఫ్యాను మాత్రం కిర్రుమనకుండా బిగించలేకపోయావు. ఆ ఊళ్లో బస్సులో ఊరి భాష, ఆస్పత్రిలో ఊరి భాష, కోర్టులో ఊరి భాష, ఆఖరికి కుక్కని అదిలించేది కూడా ఆ భాషలోనే. మన భాషకి మిగిలింది ఆ నాలుగు గోడలే. అందుకే గేటు దాటితే మన భాష తప్ప ఇంకోటి వద్దన్నాం. లెక్కలు, ఆటలు, అలకలు, తిట్లు, అన్నీ మన భాషలోనే. పిల్ల వేలు చూపిస్తే ఏదీ ఇవ్వకూడదు, నోటితో అడిగితేనే ఇవ్వాలి. ఆ మాట వచ్చేదాకా పెద్దవాళ్లు కాచుకుని ఉండాలి. ఆ నియమం నేనే పెట్టాను. ఆ కాచుకోవడంలోనే ఉందిరా ప్రేమంతా.

పిల్ల మాట్లాడటం లేదని నీ బెంగ. కొత్త భాషలో పడ్డ ఏ పిల్ల వెంటనే మాట్లాడింది? నెలల తరబడి నోరు విప్పరు, ఊరికే చూస్తారు, పక్కవాళ్లు చేసింది చేస్తారు. మాట లోపల తయారవుతూ ఉంటుంది. పొదుగుతున్న కోడిని లేపి గుడ్లు చూడకూడదు. రెండో ఏడు కూడా వచ్చింది కదక్కా అంటావు. ఒక్కో కోడి బద్ధకంగా పొదుగుతుంది.

ఇది మరదలి సలహా అని నా అనుమానం. ఆవిడది ఊరి భాష. ఆవిడ భాషకి కాపలా అక్కర్లేదు, పోలీసులున్నారు. మన భాషకి ఉన్నది మనమే. ఆ సంగతి నీ పెళ్లానికి చెప్పు, ముందు నువ్వు తెలుసుకో.

కోపం చల్లారని, చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేని,
అక్క


జూన్ 22

అక్కకి,

నీ ఉత్తరం లిఫ్టు గుంతలో కూర్చుని చదివాను. పైన తాళ్లు, కింద నూనె మడుగు, మధ్యలో నీ తిట్లు. నాతో పనిచేసేవాడు పైనుంచి "ఏమైంది, పాము కుట్టిందా?" అన్నాడు. మా అక్క ఉత్తరం రాసిందన్నాను. "ఓ, అయితే పామే నయం" అన్నాడు. వాడికి నువ్వు తెలుసు.

టీసీ నేను అడగలేదు. వాళ్లే పిలిచి తీసుకోమన్నారు. పెద్ద టీచరు చాలా మర్యాదగా చెప్పింది. "మీ అమ్మాయికి మా దగ్గర సరిపడటం లేదండీ, ఊరి భాష బడిలో అయితే వెనకబడ్డ పిల్లలకి వేరే టీచరు ఉంటుంది, మాకు ఎవరూ లేరు" అంది. నేను కాదని చెప్పి వచ్చేశాను. మెట్లు ఎక్కడం చూసిన టీచరమ్మ దిగడం చూడలేదు. నువ్వు నన్ను అడగలేదు.

నీ పన్నెండు మంది ఇప్పుడు నలభై దాటారక్కా. రెండు సెక్షన్లు కలిపేశారు. గోడౌను రేకు కింద అంతమంది ఒకేసారి పాఠం చదువుతుంటే మిషన్ గదిలో మూడు మోటార్లు తిరుగుతున్నట్టుంది. పిల్లల్ని పొడుగును బట్టి కూర్చోబెడతారు. పిచ్చుక నా పోలిక, ఆఖరి బెంచీ. కిటికీ దగ్గర నిలబడి చూశాను. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి రాస్తూ చెబుతోంది, చెబుతూ రాస్తోంది. మనది పక్కపిల్ల పుస్తకం తీస్తే పుస్తకం తీసింది, లేస్తే లేచింది, నవ్వితే నవ్వింది. అరక్షణం ఆలస్యంగా. బయటికొచ్చాక టీచరమ్మ ఏమందో తెలుసా? "బంగారు తల్లండీ, అసలు అల్లరే లేదు" అంది.

నీ నియమం ఎలా నడుస్తోందో చెబుతాను విను. నీళ్ల డ్రమ్ము దగ్గర ఆయమ్మ "ఏం కావాలి?" అని అడుగుతుంది. జవాబు చెబితే గ్లాసు. మనది చెప్పదు. ఆయమ్మ కాసేపు ఆగుతుంది, వెనక తోసుకుంటున్న నలభై మందిని చూస్తుంది, తర్వాతి పిల్లకి పోస్తుంది. ఆమె తప్పేముంది? పిచ్చుక బళ్లో నీళ్లు తాగడం మానేసింది. ఇంటికి రాగానే చెంబెత్తి గటగటా తాగుతుంది, గొంతులో నీళ్లు దిగుతున్న చప్పుడు వంటగది దాకా వినిపిస్తుంది. పన్నెండు మందికి కాచుకోవడం ప్రేమ అయ్యుండొచ్చు. నలభై మందిలో దాని పేరేమిటో నువ్వే చెప్పు.

ఇక మీ మరదలి సంగతి. ఆవిడ పొయ్యి దగ్గర పిచ్చుక వాచకం పెట్టుకుని మన అక్షరాలు కూడబలుక్కుంటోంది. మొన్న నన్ను పట్టుకుని "ఏమండీ, మీ భాషలో 'అలక'కీ 'కోపా'నికీ తేడా ఏమిటి?" అని అడిగింది. నీ ఉత్తరం ఆవిడ చదవలేదు. ఈసారికి బతికిపోయావు.

ద్రోహి


జూలై 3

తమ్ముడికి,

సరే, ద్రోహి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాన్ని విద్యా కార్యాలయానికి బదిలీ చేస్తున్నాను, దానికి సరిగ్గా సరిపోతుంది. రెండు సెక్షన్లు కలిపింది వాళ్లు. ఒక టీచరుని వెనక్కి లాక్కున్నది వాళ్లు. ఊరి భాష బళ్లలో పాతికమందికి ఒక టీచరూ, మన బళ్లో నలభైమందికి ఒక టీచరూనా? మా పత్రికలో ఎన్నిసార్లు రాశాను! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

కానీ నువ్వు రెండు సంగతులు కలిపేస్తున్నావు. క్లాసు పెద్దదైతే క్లాసుని తిట్టాలి గానీ భాషని అనుమానించకూడదు. పిల్లకి మన భాష రాకపోవడమేమిట్రా? మన అమ్మతో గలగలా మాట్లాడేది, కళ్లారా చూశాను. అమ్మ దాని గడ్డం పట్టుకుని, ముఖం తన వైపు తిప్పుకుని, "ఏమే పిచ్చుకా, నా మీద అలిగావా?" అనడం ఆలస్యం, ఇది మూతి ముడిచి "అలగలేదు" అనేది. మన గడ్డాలు మాత్రం? అలా పట్టుకునే కదా మనల్ని పెంచింది. నాకు పెళ్లి చూపుల్లో కూడా గడ్డం పట్టుకునే చెప్పింది, "వీడు వద్దే" అని. అమ్మ మాటే వినలేదు నేను.

అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇది బొత్తిగా మూగబోయింది. అది దిగులు. దానికి మందు ఒకటే, ఇల్లంతా మన భాషతో నింపెయ్. వంటగదిలోంచి పలకరించు, మెట్ల మీంచి పిలువు, అది బొమ్మలేసుకుంటుంటే వెనక నుంచి కబుర్లు చెప్పు, రేడియో ఆపకు. మాటల్లో ముంచెత్తితే నానకుండా ఉంటుందా?

దీనితో పాటు ఒక పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. పత్రిక కోసం అమ్మ చేత చెప్పించిన కబుర్లు, అమ్మ గొంతుతో. మగ్గాల షెడ్డు కబుర్లు, మేస్త్రీని ఏడిపించిన కబుర్లు. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాను. పిచ్చుకకి వినిపించు. నాన్నమ్మ గొంతు విన్నాక కూడా పలకకపోతే అప్పుడు నన్నడుగు.

మరదలితో చెప్పు: అలక దగ్గరివాళ్ల మీద, కోపం ఎవరి మీదైనా. నేను నీ మీద అలిగాను, అంతే.

అక్క


జూలై 19

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వంటగదిలోంచి పిలిచాను, మెట్ల మీంచి పిలిచాను. పలకలేదు. మొండిఘటం అని విసుక్కున్నాను కూడా. ఆదివారం పొద్దున పెన్‌డ్రైవ్ పెట్టాను. అమ్మ గొంతు గదిలోకి రాగానే నేల మీద కూర్చుండిపోయాను. మీ మరదలు, సగం కూడా అర్థం కానిది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిచ్చుక మాకు వీపు పెట్టి కూర్చుని బొమ్మకి రంగు వేసుకుంటోంది. అమ్మ మేస్త్రీ కథ చెబుతోంది, నవ్వుతోంది, దగ్గుతోంది. ఇది ఆకుపచ్చ పెన్సిల్ పక్కన పెట్టి నీలం తీసింది.

కాసేపటికి తిరిగి మా ముఖాలు చూసింది. ఎందుకు ఏడుస్తున్నామో దానికి తెలియలేదు. లేచి వచ్చి స్పీకరు మీద అరచేయి పెట్టింది. అది అదురుతోంది కదా, నవ్వింది. ఆట అనుకుంది.

నా ఫోన్‌లో అమ్మది చిన్న వీడియో ఉంది, గుర్తుందా, అలిగావా అని అడిగేది. అది పెట్టాను. ఇది వెంటనే "అలగలేదు" అంది. ఫోన్ సౌండు పూర్తిగా తగ్గించేసి మళ్లీ పెట్టాను. మళ్లీ "అలగలేదు" అంది. మర్నాడు పని సంచిలోంచి లిఫ్టు అలారం గంట తెచ్చి, దాని వెనక నిలబడి మోగించాను. పై అంతస్తు వాళ్లు మంటలేమోనని పరిగెత్తుకొచ్చారు. పిచ్చుక తల తిప్పలేదు.

డాక్టరుకి చూపించాం. ఎడమ చెవి పూర్తిగా లేదు. కుడిది కొంచెం మిగిలింది. మూడేళ్లప్పుడు వచ్చిన జ్వరం వల్ల కావచ్చు, కొద్దికొద్దిగా పోయుంటుందన్నాడు. అంతకుముందు ఎంత వాగేది! పిచ్చుక అని పేరు పెట్టిందే అందుకు. "రెండేళ్లుగా బడికి పోతోందంటున్నారు, ఒక్కళ్లకీ అనుమానం రాలేదా?" అన్నాడు. వేరే ఏ బళ్లో అయినా, చెప్పింది అందక పక్కపిల్లని చూసి చేసే పిల్ల మీద ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. మన బళ్లో మాత్రం అది పద్ధతి ప్రకారం ఎదుగుతున్న పిల్ల. మాట్లాడకపోతే భాష లోపల తయారవుతోందన్నారు. ఇంట్లో పలకకపోతే రెండు భాషల మధ్య తికమక అన్నాం. అమ్మతో మాట్లాడేది కనక చెవులు బాగున్నాయనుకున్నాం.

అమ్మ గడ్డం ఎందుకు పట్టుకునేదో మనకి తెలీదా అక్కా? పాతికేళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. ఆ మోతలో పక్కమనిషి మాట కూడా వినపడదు. అందుకే అక్కడ ఆడవాళ్లంతా ముఖాలు తిప్పుకుని, పెదాలు పెద్దగా కదిలించి మాట్లాడుకునేవాళ్లు. ఆ అలవాటే ఇంటికి తెచ్చింది. పిచ్చుకకి మన భాష చెవిలోంచి రాలేదు. అమ్మ పెదాల మీంచి వచ్చింది. అమ్మ ముఖం పోయింది, మాట పోయింది. మనం దిగులనుకున్నాం.

కోడిని లేపొద్దన్నావు. లేపి చూశాను. కింద గుడ్లు లేవక్కా.

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. రాయడమే నా బతుకు కదా, చూడు ఎలా ఉందో.

వెనక నుంచి కబుర్లు చెప్పమన్నాను. వెనక నుంచి.

మిషన్ పెడితే కుడి చెవికి ఎంత వినబడుతుందట? ఎప్పుడు పెడతారు? ఆ గంట మోగినప్పుడు అది ఏం చేస్తోంది? అన్నీ రాయి. మరదలు ఎలా ఉంది?

నేను ఊరుకోను. ఇంతమందిని ఒక గదిలో కుక్కి, చెవులు పరీక్ష చేసే మనిషిని బడి గేటు దాకా కూడా పంపని వాళ్లని నేను వదలను.

అక్క


సెప్టెంబర్ 8

అక్కకి,

గంట మోగినప్పుడు అది చీమల బారు చూస్తోంది. అడిగావు కదా.

చెవి మిషన్ వచ్చింది. ఇంట్లో పెట్టుకుంటే బాగానే ఉంది. మొదటి రోజు కుళాయి తిప్పడం, కట్టేయడం, తిప్పడం, అదే పని. మీ మరదలు ట్యాంకు ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడింది. బళ్లో మాత్రం గంట తిరక్కుండా పీకి జేబులో పెట్టేసుకుంది. డాక్టరు చెప్పాడు, మిషన్ మాటకీ మోతకీ తేడా చూడదు, అన్నిటినీ పెంచుతుందని. రేకు కింద నలభైమంది అరుపులు పెంచితే ఏమవుతుంది? చిన్న క్లాసు కావాలి, ముందు బెంచీ కావాలి, టీచరు ముఖం కనబడాలి, పక్కన ఒక సహాయకురాలు ఉండాలి అని రాసిచ్చాడు.

ముందు బెంచీ ఇచ్చారు. అది మన టీచరమ్మ చేతిలో పని కనక ఆ రోజే ఇచ్చింది. పిచ్చుకని దగ్గరికి తీసుకుని ఏడ్చింది కూడా. "నేను కనిపెట్టి ఉండాల్సింది. రోజూ అందరి ముఖాలూ చూడటానికే నాకు తీరట్లేదు" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు, నువ్వూ పెట్టుకోకు.

మిగిలినవాటికి విద్యా కార్యాలయానికి వెళ్లాను. ఆఫీసరు ఫ్యాను కింద కాయితాల మీద పేపర్‌వెయిట్లు సర్దుకుంటూ చెప్పాడు, సహాయకులు ఊరి భాష బళ్లకే మంజూరట. "మీరు ప్రత్యేకంగా మీ భాష బడి కావాలనుకున్నారు. ప్రత్యేకం కావాలనుకున్నవాళ్లకి మళ్లీ ఇంకో ప్రత్యేకం ఎలా ఇస్తామండీ?" అన్నాడు. నీకైతే జవాబు తట్టేది. ముందు పరీక్ష చేయాలన్నారు, ఆ పరీక్ష ఊరి భాషలోనే చేశారు. దూరంగా కూర్చుని, నోటికి కాయితం అడ్డం పెట్టుకుని ప్రశ్నలు చదివింది పరీక్ష చేసే ఆవిడ. పిచ్చుకకి బుద్ధి మాంద్యం అని రాసింది.

ఇక నీ వ్యాసం. పత్రిక వచ్చింది. మీ మరదలు వాచకం పక్కన పెట్టి దాన్నే కూడబలుక్కుంది. పైన పెద్ద అక్షరాల్లో నువ్వు పెట్టిన పేరు, "చెవిటి కార్యాలయం." లోపల ఆ శంఖం సామెత. చెవిటి సర్కారు అని రెండుసార్లు, చెవిటి సమాజం అని ఒకసారి. ఆవిడ వేలు పెట్టి చూపించి నన్నడిగింది, "ఇది మన పిల్లకి డాక్టరు చెప్పిన మాటే కదా? వదిన తిట్టుగా ఎందుకు రాశారు?" అని. మీ వదిన ఉద్దేశం అది కాదన్నాను. "ఉద్దేశం పిల్లకెలా తెలుస్తుంది? అది రేపు చదువుకుంటుంది కదా" అంది. ఆఫీసరుకి చెవులు బాగానే ఉన్నాయక్కా. నేను చెప్పిందంతా విన్నాడు. విని కాదన్నాడు.

ఆ సామెత ఇక మన ఇంట్లో వద్దు.

మేమిద్దరం ఆలోచించుకున్నాం. ఊరి భాష బడిలో వెనకబడ్డ పిల్లల క్లాసుకి పదిమందే, వేరే టీచరు, చెవి మిషన్ల పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. ఈసారి టీసీ నేనే అడిగాను. మొదటి ఉత్తరంలో నువ్వన్న మాట ఇప్పుడు అనుకో. వచ్చి సభలు మాత్రం పెట్టకు.

తమ్ముడు


సెప్టెంబర్ 15

తమ్ముడికి,

ఆ మాట అనను. మరదలికి విడిగా రాస్తున్నాను, పెద్ద అక్షరాల్లో, గొలుసుకట్టు లేకుండా, కూడబలుక్కోవడానికి వీలుగా. పత్రికలో తప్పు ఒప్పుకుంటూ నాలుగు వాక్యాలు వేశాను. నలభై ఏళ్లుగా నోట్లో ఉన్న సామెత, ఎవరి ఒంటి మీద నిలబడి ఊదుతున్నానో ఎప్పుడూ చూసుకోలేదు.

కానీ టీసీ విషయంలో నాకు వాదన ఉంది, వినక తప్పదు. సహాయం కావాలంటే భాష వదులుకో, భాష కావాలంటే సహాయం వదులుకో. ఇది ఏ న్యాయంరా? కుంటి పిల్లకి కాలు కావాలా ఇల్లు కావాలా అని అడిగినట్టుంది. (చూశావా, మళ్లీ వచ్చేసింది. కొట్టేయకుండా వదిలేస్తున్నాను, నా నోరు ఎలాంటిదో నాకు గుర్తుండటానికి.) పిచ్చుక ఏ పెదాలు చదవగలదు? మన భాష పెదాలే. ఊరి భాషలో అది మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. దానికున్న ఒక్క ఆస్తినీ గేటు దగ్గర పెట్టి రమ్మంటున్నారు. తప్పు నీది కాదు. అయినా నన్ను ఒప్పుకోమనకు.

సభ పెట్టను. మాటిస్తున్నాను.

అక్క


జనవరి 17

అక్కకి,

చాలా రోజులు రాయలేదు. అలక కాదు, రాయడానికి మంచి ఉంటే రాద్దామని ఆగాను. ఉంది. పిచ్చుక బళ్లో నీళ్లు తాగుతోంది. గ్లాసు చూపిస్తే పోస్తారు, పోస్తూ దాని ముఖంలోకి చూసి "నీళ్లు" అంటారు ఊరి భాషలో. అదీ అంటుంది. వేరే టీచరు కింద కూర్చుని పాఠం చెబుతుంది, పదిమందీ చుట్టూ అర్ధచంద్రంలా. మిషన్ పీకేయడం మానేసింది. పక్కపిల్లని చూడకుండానే నవ్వుతోంది. ఎప్పుడు నవ్వాలో దానికే తెలుస్తోంది. ఈ మాట రాస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో నువ్వు ఊహించలేవు.

కొన్నాళ్లు ఇంట్లో కూడా ఊరి భాష ఒకటే మాట్లాడమన్నారు. రెండైతే పెదాలు చదవడంలో గందరగోళం అవుతుందట. నిజమో కాదో నాకు తెలీదు. చెప్పేది వాళ్లు, పిల్లకి నయమవుతోంది, ఎదురు చెప్పే దమ్ము నాకు లేదు. మన భాష ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది మీ మరదలు ఒక్కతే, వాచకం పట్టుకుని, పిల్ల నిద్రపోతున్నప్పుడు.

మొన్న నా ఫోన్ తీసుకుని బొమ్మలు చూస్తూ అమ్మ వీడియో దగ్గర ఆగింది. పెట్టుకుంది. అమ్మ అదే ముఖం, అదే గడ్డం పట్టుకునే చెయ్యి, పెదాలు పెద్దగా కదిలిస్తూ. నేను పక్కనే ఉన్నాను, "అలగలేదు" అంటుందని చూస్తున్నాను. రెండుసార్లు చూసింది. మూడోసారి తెర మీద అమ్మ పెదాలు వేలితో ముట్టుకుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, ముఖం తన వైపు తిప్పుకుని, ఊరి భాషలో అడిగింది.

"నాన్నా, నాన్నమ్మ ఏమంటోంది?"

నేను తప్పు చేయలేదక్కా. మళ్లీ చేయాల్సి వచ్చినా అదే చేస్తాను. కానీ అమ్మ మాటని ఊరి భాషలోకి మార్చి దానికి చెప్పాల్సి వచ్చింది.

పాత బడి తల్లిదండ్రులు కొందరు వచ్చారు. ఇంకో పిల్లాడికి చూపు సరిగ్గా లేదని ఇప్పుడు కనిపెట్టారట, ఒకమ్మాయికి అక్షరాలు నిలవడం లేదట. బడివాళ్లు అందరికీ టీసీ తీసుకోమనే చెబుతున్నారు. ఈ తల్లిదండ్రులంతా కలిసి కార్యాలయానికి ఒక కాయితం పెట్టాలంటున్నారు. నీ చేత రాయించమన్నారు. నేనొక్కటే అడుగుతున్నాను. సాదాగా రాయి. ఆఫీసరు తప్పించుకోవడానికి ఒక్క ఉపమానం కూడా లేకుండా రాయి.

తమ్ముడు


జనవరి 25

తమ్ముడూ,

నీకు చెప్పకుండా మీ ఊరు వచ్చి వెళ్లాను. సభ పెట్టలేదు. మీ ఇంటికీ రాలేదు, వస్తే పిచ్చుకతో ఏ భాషలో మాట్లాడాలో తెలీక. బడికి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంటానని టీచరమ్మని అడిగాను. ఆవిడ సరే అంది. పాఠం నడుస్తుండగా రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వీపు కనబడింది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కనబడింది. నలభై తలలు ఒక్కసారి వంగితే నేనూ వంగాను, అరక్షణం ఆలస్యంగా. మన ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు లేకుండా తిరగడం మొదటిసారి చూశాను.

నా పక్కన పొడుగ్గా ఇంకో పిల్ల కూర్చుని ఉంది. పిచ్చుక చోట్లో. నేను చెవుల్లో వేళ్లు పెట్టుకున్నానని తనూ పెట్టుకుంది. ఆటకి చేసిందో, చూసినవన్నీ అలాగే చేస్తుందో, నాకు తెలీలేదు. ఆ గదిలో తెలుసుకునే తీరిక ఎవరికీ లేదు.

కాయితం కింద రాశాను. ఒక్క సామెత లేదు, వెతుక్కో. మరదలికి చదివి వినిపించకు, తననే చదవనీ. తను ఆగిన చోట మాట మార్చు. తను సరేనంటేనే పంపు.

విద్యా కార్యాలయానికి, మన భాష బడి తల్లిదండ్రులు అడుగుతున్నవి:

1. ఏ క్లాసులోనూ ఇరవైమందికి మించి పిల్లలు ఉండకూడదు. కలిపేసిన సెక్షన్లు విడదీయాలి. తీసేసిన టీచర్ని తిరిగి ఇవ్వాలి.

2. బళ్లో చేరిన ప్రతి పిల్లకీ మొదటి నెలలోనే చెవులు, కళ్లు పరీక్ష చేయాలి. ఏటా మళ్లీ చేయాలి.

3. పిల్ల మాట్లాడకపోతే, అది కొత్త భాష వల్లేనని పరీక్ష చేయకుండా ఎవరూ తేల్చకూడదు.

4. బుద్ధి పరీక్ష పిల్లకి వచ్చిన భాషలో, పిల్లకి ఎదురుగా కూర్చుని చేయాలి. ఊరి భాషలో చేసి రాసిన పాత ఫలితాలు రద్దు చేయాలి.

5. సహాయం అవసరమైన పిల్లలకి మన భాష వచ్చిన సహాయకుల్ని మన బడిలోనే ఇవ్వాలి. సహాయం కోసం టీసీ తీసుకోమని ఏ తల్లిదండ్రులకీ చెప్పకూడదు.

6. రేకు కింద మోత తగ్గించే కప్పు వేయాలి.

7. నీళ్లు అడగకపోయినా ఇవ్వాలి.

8. టీచర్లు బోర్డు వైపు కాకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడాలి. అందుకు వీలయ్యే క్లాసు వాళ్లకి ఇవ్వాలి.

9. వెళ్లిపోయిన పిల్ల ఎప్పుడు తిరిగి వస్తానన్నా తీసుకోవాలి. అప్పటిదాకా ముందు బెంచీలో, టీచరు ముఖం కనబడే చోట, ఒక చోటు ఖాళీగా ఉంచాలి.